పిన్‌కోడ్ లేని ఊరికి పిండి

ఒక ఊరికి వెళ్ళాల్సిన గోధుమపిండిని ఒక పగలంతా ఆపిన తెలివితక్కువవాణ్ణి నేను. తుపాకులు పట్టుకున్నవాళ్ళు వెళ్ళనిస్తామన్నారు. వల్లకాదన్నది నా ప్రోగ్రాము.

సింగపూర్ వచ్చిన కొత్తలో నన్ను మురిపించింది సముద్రమూ కాదు, మేడలూ కాదు, ఆరంకెల పిన్‌కోడు. ఇక్కడ బిల్డింగుకొకటి. ఫోన్లో ఆ అంకెలు చెబితే పిజ్జా గుమ్మంలోకి వస్తుంది. మా ఊళ్ళో మా చిరునామా ‘రైసుమిల్లు వెనక, రెండు గేదెలున్న ఇల్లు’. ఒక గేదెను అమ్మిన ఏడాది మాకు ఉత్తరాలు ఆలస్యంగా వచ్చాయి.

వన్-నార్త్ అనే పేటలో మా ఆఫీసు. సరుకు రవాణా వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. డెలివరీ కాగితంలో పిన్‌కోడు గడి ఖాళీగా ఉంటే కాగితం అచ్చుకాకుండా కట్టడి చేశాను. ఎవరైనా ఆరు సున్నాలు కొట్టి తప్పించుకుంటారేమోనని, సింగపూర్ పిన్‌కోడ్ల జాబితాతో సరిచూసుకునేలా కూడా రాశాను. అది మా మేనేజరుకి ఎంత నచ్చిందంటే, కస్టమర్ల ముందు తన ఐడియా అని చెప్పుకున్నాడు. ఆయనదీ గుంటూరే కదా అని ఊరుకున్నాను.

తరవాత ఆ జాబితాలో పైదేశాల కోడ్లు కూడా చేర్చి, అదే ప్రోగ్రామును అక్కడికి వెళ్ళే సరుకుకీ వాడారు. వాడినవాళ్ళలో ఒక చిన్న సహాయ సంఘం ఉంది. దాని కాగితాల పని చూసే ఆంటీ రిటైరైన టీచరు. ఆవిడ ముత్తాత విశాఖలో ఓడెక్కి వచ్చాడట. ఒక గురువారం పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది, మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ తోకతో.

“తంబీ, మీ కంప్యూటరు పోస్టల్ కోడ్ ఇస్తేనే పేపరు ఇస్తానంటోంది లా. ఆ ఊరికి కోడ్ లేదు.”

“ఏదో ఒకటి ఉంటుందాంటీ. అక్కడి పోస్టాఫీసులో అడిగించండి.”

“పోస్టాఫీసే లేదు. మొన్న గుండు పడింది.”

“పోనీ వీధి పేరు?”

“పలకలన్నీ ఊరివాళ్ళే పీకి దాచుకున్నారు. తుపాకీతో వచ్చేవాడికి ఎవరిల్లు ఏదో తెలియకూడదని. నీకు మట్టుకు తెలియాలా?”



సంగతంతా ఆవిడే చెప్పింది. యుద్ధంలో ఆ ఊరి చుట్టూ దారులు మూసేశారు. రొట్టెల కొట్టు ముందు జనం బారులు తీరితే గుండ్లు అక్కడే పడుతున్నాయి. అందుకని సంఘంవాళ్ళు వీధి వీధికీ వెళ్ళి పిండి పంచాలనుకున్నారు. శుక్రవారం పొద్దున కొన్ని గంటలు కాల్పులు ఆపడానికి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. లారీలు సరిహద్దులో సిద్ధంగా ఉన్నాయి. లారీకొక కాగితం మా ప్రోగ్రాములో అచ్చై, ఫ్యాక్సులో చేరితేనే కదులుతాయి.

గడి ఖాళీగా ఉండకూడదని అంత ఆలోచించినవాణ్ణి, కడుపు సంగతి ఆలోచించలేదు.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన సంతకం లేకుండా నడుస్తున్న ప్రోగ్రాములో చుక్క కూడా మార్చకూడదు.

“చూడు నాయనా, రూల్ అంటే రూలే. చేంజ్ రిక్వెస్టు పెట్టు, కమిటీ మంగళవారం చూస్తుంది.”

“దారి తెరిచేది రేపు సార్.”

“అయితే వాళ్ళని మంగళవారం తెరవమను,” అని నవ్వాడు. తన జోకులకు ఆయన కమిటీని అడగడు.

మధ్యాహ్నమంతా ఆయన గదికీ నా కుర్చీకీ మధ్య తిరిగాను. చివరికి ఆంటీకే ఫోన్ చేశాను. “ఆ కాగితంలో అక్కడివాళ్ళు ఏం చూస్తారాంటీ?”

“ఊరి పేరు, లారీ నెంబరు, డ్రైవరు పేరు, మా ముద్ర. మీ అంకెలు ఎవడికి కావాల?”

అంటే జాబితాలో ఉన్నది ఏదో ఒకటి చాలు. నాకు నోటికి వచ్చిన కోడు ఒకటుంది: సెంగ్‌కాంగ్ పేటలో మేనేజరు కొన్న కొత్త కాండో ఫ్లాటుది. గృహప్రవేశానికి పిలుస్తూ ఆయనే నాచేత వల్లె వేయించాడు. ఇక్కడివాళ్ళు హాకర్ సెంటర్లో, అంటే తిండికొట్ల సంతలో, టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల ఆపుకున్నట్టు, ప్రతి కాగితంలోనూ ఆ గడిలో ఆ కోడు పెట్టమని ఆంటీకి చెప్పాను. కాగితాలు వచ్చాయి. అప్పటికి సాయంత్రమైంది.

శుక్రవారం రాత్రి ఆంటీ ఫోన్ చేసింది. “పోయినాయి తంబీ. పిల్లలు మకాన్ చేసినారు, రొట్టె తిన్నారు.”

“అందరికీ అందిందా ఆంటీ?”

“పేపర్లు లేటు కదా, లారీలు లైన్లో వెనకబడినాయి. రెండు వీధులు మిగిలిపోయినాయి. అంతలో కాల్పులు మళ్ళీ మొదలు.”

ఆ రెండు వీధుల పేర్లు నాకిప్పటికీ తెలియవు.

కస్టమర్లతో నెలాఖరు మీటింగులో, ఏ చోటికి ఎంత సరుకు చేరిందో చూపించే మ్యాపు తెర మీద పడింది. సెంగ్‌కాంగ్‌లో మేనేజరు కాండో నెత్తిన పుచ్చకాయంత ఎర్ర చుక్క, పక్కనే ‘గోధుమపిండి’ అని. ఇంట్లో బేకరీ పెట్టారా అని గృహప్రవేశానికి వచ్చిన ఒక కస్టమరు మేనేజరును అడిగాడు. గదంతా నవ్వింది. ఆ పూటే ఆయన పిన్‌కోడు కట్టడి ఎత్తేస్తూ సంతకం చేశాడు. కమిటీ ఊసే లేదు. సంతకమయ్యాక నావైపు వంగాడు.

“ఆ చుక్క తీసెయ్ నాయనా. మా ఆవిడ చూస్తే బాగుండదు.”

“తప్పకుండా సార్,” అన్నాను. “చేంజ్ రిక్వెస్టు పెట్టండి. కమిటీ మంగళవారం చూస్తుంది.”