గంప ఎత్తే చెయ్యి

గోపాలపట్నంలో డాక్టరు గది బయట కూర్చుని ఉంటే, పక్కావిడ నొసటికి రాసుకున్న నొప్పిమందు ఘాటు ముక్కుకు తగిలి, భీమునిపట్నంలో మా ఇల్లు, వానపూట ఎండు నెత్తళ్ల పులుసు, ఇసుకలో మేమాడిన గవ్వలాటలు, వాటితోపాటు అమ్మ మెడనొప్పీ గుర్తొచ్చాయి.

అమ్మ తెల్లవారుతూనే రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. నిండు గంప ఒక్కరి వల్ల నెత్తికెక్కదు, ఎదుట నిలబడి ఇంకో ఆడమనిషి చెయ్యి వెయ్యాలి. అమ్మకు ఆ చెయ్యి వేసేది రేవులోనే కూర్చుని అమ్ముకునే మా పెద్దమ్మ. ఒక వానాకాలం పెద్దమ్మ జ్వరంతో పోయింది. అమ్మ ఏడవలేదు, దినాలు కాగానే మళ్లీ గంప పట్టింది. నెల తిరక్కుండా మెడ పట్టేసి, చెయ్యి పైకి లేవడం మానేసింది. ఊళ్లో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఏమీ లేదు, అంతా మనసులోనే అన్నాడు.

"ఏటీ నేదట. ఏసాలేత్తన్నాది," అన్నాడు నాన్న, వీధంతా వినేలా. అమ్మ ఆ తర్వాత నొప్పి మాటే ఎత్తలేదు. నేను నాన్న మాటే నమ్మాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

గంప మూలపడి ఇల్లు గడవక, చివరికి నాన్నే సణుక్కుంటూ కంచరపాలెంలో ఒక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. ఆయన మెడంతా నొక్కి చూసి, పెన్ను పక్కన పెట్టి, "గంప ఎవరెత్తుతారమ్మా నీకు?" అని అడిగాడు.

"మా అక్కెత్తేదండి. పోయి మూడు నెల్లయిపోనాది," అంటూనే అమ్మ భోరుమంది.

ఆయన తొందరపెట్టలేదు. "నొప్పి నిజమేనమ్మా. ఏడుపు ఆపుకుని ఆపుకుని మెడ బిగుసుకుపోయింది. మందిస్తాను. ఏడుపొస్తే మాత్రం ఆపకు," అన్నాడు. నాన్న వైపు తిరిగి, "ఈమె వేషాలెయ్యట్లేదు," అన్నాడు.

మందుతో మెడ కాస్త సడలాక, రేవులో అమ్మ గంప ఎదుట నాన్న నిలబడ్డాడు. ఆడవాళ్ల గంపకు మగవాడు చెయ్యి వెయ్యడం అక్కడ ఎవరూ ఎరగరు.

"ఏటి బావ, ఆడోల్ల పని సేత్తన్నావ్?" అని పడవ మీద నుంచి ఎవరో నవ్వారు.

నాన్న గంప ఎత్తి అమ్మ నెత్తిన పెట్టాడు. అమ్మ మెడ పూర్తిగా తిరగడానికి దీపావళి దాటింది.

ఇప్పుడు చేపలు ప్లాస్టిక్ టబ్బుల్లో ఆటోలెక్కి వెళ్తున్నాయి. ఆ ముసలి డాక్టరూ లేడు. లోపల్నుంచి నా పేరు పిలిచారు. డాక్టరమ్మ నా కడుపునొప్పి రిపోర్టులు తిరగేసి, "అన్నీ నార్మల్. స్ట్రెస్, అంతే," అని మర్యాదగానే చెప్పి, తర్వాతి వాళ్లను పిలిపించింది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగి ఉంటే, మావారు పోయి ఎనిమిది నెలలైందని చెప్పేదాన్ని.