పెద్దమ్మ కళ్లకట్టు, పిడికెడు బియ్యం

మొన్న ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల కూడికలో, నంద్యాలలోని మా చర్చిలో, యువ పాస్టరుగారు మా పెద్దమ్మ కథను సాక్ష్యంగా చెప్పారు. ఆపరేషన్ కట్టు విప్పకముందే ఆమెకు చూపు వచ్చిందనీ, గదినిండా వెలుగు కనిపించిందనీ ఆయన అంటుంటే, జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన అలవాటు కొద్దీ, నేను చూసినదాన్నీ విన్నదాన్నీ మనసులో వేరుచేసుకున్నాను. వెలుగు సంగతి వినికిడి. పెద్దమ్మ నోట నేనెన్నడూ వినలేదు. తక్కినది మంచం పక్కన నిలబడి చూశాను.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ ఆళ్లగడ్డలో ఒంటరిగా ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, అంటే మా అన్న, ఆ ఊళ్లోనే విగ్రహాలు చెక్కే శిల్పి కూతురిని రిజిస్టరు పెళ్లి చేసుకొని నంద్యాలలో కాపురం పెట్టాడు. "రాళ్లకు కండ్లు చెక్కేటోళ్ల పిల్ల చేతి నీళ్లు గూడా తాగను, పో" అన్నది పెద్దమ్మ. ఆ మాట మీదే ఏళ్ల తరబడి నిలిచింది. శ్రమదినాలలో వంటకు ముందు ఇంట్లో తలకొక పిడికెడు బియ్యం చర్చి కోసం కుండలో తీసిపెట్టే ఆచారం మీకు గుర్తుండే ఉంటుంది. దూరాన ఉన్న కొడుకు పేర పెద్దమ్మ పిడికెడు తీసేది; కోడలి పేర తీసేది కాదు.

ఆ ఏటి శ్రమదినాలలోనే ఆమెకు నంద్యాలలో శుక్లాల ఆపరేషన్ జరిగింది. అప్పట్లో రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదపకుండా వెల్లకిలా పడుకోబెట్టేవారు. వదిన పూటపూటా రాగిజావ తెచ్చి, పెదవి విప్పకుండా చెంచాతో తాగించేది. గొంతు గుర్తుపడితే పెద్దమ్మ ఆవేశంగా లేచి కన్ను పోగొట్టుకుంటుందని అందరి భయం. తాగించేది ఆసుపత్రి ఆయా అనుకున్నదేమో, "ఏందమ్మా, మూగదానివా?" అని పెద్దమ్మ ఒకసారి విసుక్కున్నది కూడా.

కట్టు విప్పే ముందటి సాయంత్రం, జావ సగమయ్యాక, పెద్దమ్మ చెంచా పట్టిన ఆ చేతిని తడిమి పట్టుకుంది.

"అమ్మీ, నా కొడుకు తిన్యాడా?"

వదిన చేతిలోని చెంచా కిందపడింది. "ఇంగా లేదత్తా" అన్నది, అంతే.

"అయితే బేగా పో, వానికి పెట్టు. నువ్వూ తిను."

ఆళ్లగడ్డకు తిరిగి వెళ్లాక, వెలుతురు తగలకుండా కట్టిన పచ్చగుడ్డ ఇంకా కంటికి అడ్డంగా వేలాడుతుండగానే, పెద్దమ్మ తడుముకుంటూ కుండలో ఇంకొక పిడికెడు వేసింది. అదీ నేను చూశాను.

పుట్టింట్లో విగ్రహాలు నునుపు చేసి కాయలు కాచిన వదిన అరచేతిని బట్టి పెద్దమ్మ పోల్చుకున్నదని చాలాకాలం వాదించాను. చెయ్యి ఎవరిదో తెలియడానికి ఆ కారణం చాలు. ఆ చేతిని వదలకుండా పట్టుకోవడానికి చాలదు. అందుకే మొన్న లేచి పాస్టరుగారిని సరిదిద్దలేకపోయాను.

ఇప్పుడు చర్చి గుమ్మంలో అతికించిన కోడ్‌కు ఫోను చూపించి కానుక పంపుతున్నారు. సౌకర్యమే, కాదనను, ఒక్కొక్క మనిషినీ తలచుకుంటూ పిడికిలి మూసే ఆ క్షణం మాత్రం ఎటో పోయింది.

ఒక ప్రశ్న తేలలేదు. ఆ చెయ్యి కోడలిదని పెద్దమ్మకు ఆ సాయంత్రమే తెలిసిందా, లేక మొదటి చెంచాకే తెలిసి మౌనంగా తాగిందా? అడిగితే "నీకేందప్పా ఆ లెక్క?" అని నవ్వింది, చెప్పకుండానే కన్నుమూసింది. వదినకు తెలిసి ఉండవచ్చు. కానీ "మూగదానివా?" అన్నది విసుగు కాదనీ, మాట్లాడమని వేడుకోలనీ ఈ వయసులో తేలితే, ఆ పూట పలకకపోయినందుకు వదిన ఏమైపోతుందో నాకు తెలియదు. అందుకే అడగలేదు.