జాగ్రత్తమ్మ అడిగిన నంబరు

మా బ్యాంకులో మూడో కౌంటరు ఆవిడకు జాగ్రత్తమ్మ అని పేరు పెట్టింది నేనే. పదిహేనేళ్లుగా పక్క కౌంటర్లో కూర్చుంటున్నవాణ్ణి, ఆ మాత్రం చనువుంది. "ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. నేనడిగినా చెప్పొద్దు. జాగ్రత్త!" అని వచ్చినవాళ్లందరికీ చెవినిల్లు కట్టుకుని పోరేది.

వీధి చివర టైలరు మాస్టారికైతే మరీను. ఆయనకు చదువు రాదు గానీ, టేపు మీద అంకెలు చదివీ చదివీ ఫోన్లో అంకెలు గడగడా చదివేస్తాడు. కంటి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బంతా మా దగ్గరే ఉంది.

ఈ ఏడు మా పైవాళ్లకు కొత్త పూనకమొచ్చింది. ఖాతాదారులంతా యాప్‌లోకి రావాలట, పాలసీలూ లోన్లూ అందులోనే అమ్మాలట. ఒక్కొక్క ఉద్యోగీ నెలకు రెండొందల మందిని ఎక్కించాలి, లేదంటే దూరానికి బదిలీ. జాగ్రత్తమ్మ భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు. మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్లి నాలుగు ముద్దలు పెట్టకపోతే ఆయనకు దిక్కులేదు. ఇంకేం చేస్తుంది? ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి నేర్పే తీరిక లేక, తానే ట్యాబ్‌లో అన్నీ నొక్కేసి, "నంబరొచ్చిందా? చెప్పండి" అనేది. మేమంతా అదే చేశాం. సిగ్గు విడిచి చెబుతున్నాను.

మాస్టారి వంతు వచ్చింది.

"చెప్పొద్దన్నారుగా అమ్మా?"

"ఇది మన బ్యాంకేగా మాస్టారూ! పర్లేదు, చెప్పండి."

చెప్పాడు.

నెలాఖరుకు ఆమెదే మొదటి స్థానం. మేనేజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆమె తలెత్తలేదు.

ఆ మరుసటి వారం మాస్టారు కౌంటరు ముందు నిలబడ్డాడు. ఎవడో ఫోన్ చేసి, యాప్ ఆగిపోతుంది, నంబరు చెప్పమన్నాడట. ఖాతా ఊడ్చుకుపోయింది.

"మన బ్యాంకే అన్నాడమ్మా. మీకు చెప్పినట్టే చెప్పాను" అన్నాడు.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. జాగ్రత్తమ్మ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ట్యాబ్ తీసి ఫిర్యాదు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ డబ్బు తిరిగి రాదని మా ఇద్దరికీ తెలుసు. నంబరు చెప్పినవాడిదే తప్పని మా కాగితాల్లోనే రాసి ఉంది.

ఫిర్యాదుకూ ట్యాబ్ ఓటీపీ అడిగింది. మాస్టారి ఫోను మోగింది. ఆయన దాన్ని మసకకంటికి ఆనించుకుని చూసి, ఆమెకేసి తిరిగాడు.

"చెప్పమంటారా అమ్మా?"