కాలువ తప్పిన నెత్తురు

స్కానింగ్ జెల్ చల్లగా వేళ్లకు తగిలితే చాలు, నాకు సులోచన మేడం గుర్తుకొస్తారు. జనగామ దవాఖానలో పసిపిల్లల గుండెను స్కానింగ్‌లో చూడడం నాకు నేర్పింది ఆమే. రఘునాథపల్లి రైతుబిడ్డ. జెల్‌ను ముందు తన అరచేతిలో వెచ్చబరిచి, ఆ తర్వాతే పిల్లల ఛాతీకి రాసేవారు. ఒక పాప గుండెజబ్బును నేనే కనిపెట్టానని చుట్టుపక్కల జిల్లాల్లోని తోటి డాక్టర్లు నన్ను మెచ్చుకుంటారు. అది నిజం కాదు. ఇన్నేళ్లూ ఆ మాట దిద్దనందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

దంతాలపల్లి దగ్గరి తండా నుంచి ఒక నాయనమ్మ నెలల పాపను ఎత్తుకొచ్చింది. పాలు తాగుతుంటే ఆయాసం, పెదవులు నీలం. గుండె పైగదుల మధ్య నాకు రంధ్రం కనబడింది. కనిపెట్టానన్న సంబరంలో అక్కడితో ఆపేశాను. "చిన్న రంధ్రమే అవ్వా, జర పెద్దగైనంక చూద్దాం" అన్నాను.

వెనక నిలబడిన మేడం ఊరుకోలేదు. "ఒక దొంగ దొరికిండని ఠాణా మూస్తవా తమ్మీ? గా రంధ్రం ఒక్కటే అయితే పెదవులు నీలమెందుకైతయి?"

ఆమె కుర్చీ లాక్కుని, పాప పొట్ట దగ్గర, నెత్తురు గుండెలోకి చేరే దారి నుంచి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టారు. "మా ఊళ్లె నీళ్లు పారిచ్చే నీరటి ఎట్ల వోతడు? కాలువెంట వోతడు. ఏ మడిల పడుతున్నయో కండ్లతోని చూస్తడు. గట్ల చూడాలె."

ఊపిరితిత్తుల నుంచి మంచి నెత్తురు తెచ్చే నాలుగు నాళాలు గుండె ఎడమ పైగదిలో కలవాలి. ఒక్కటీ కలవలేదు. నాలుగూ కుడివైపే చేరుతున్నాయి. చాలా అరుదైన లోపం. ఆ రంధ్రం గుండా ఎడమవైపుకు దాటే నెత్తురుతోనే పాప బతుకుతోంది. నా మాట విని ఇంటికి పోయి ఉంటే దక్కేది కాదు.

"గా టీవీల ఏం కనవడ్డదమ్మా?" నాయనమ్మ అడిగింది.

"నెత్తురు కాలువ తప్పిందవ్వా. ఆపరేషన్ చేసి మలుపుతరు. ఇయ్యాల్నే హైదరాబాద్ పోవాలె. పరేషాన్ గాకు, నేను ఫోన్ జేస్త."

పాప బతికింది. వాళ్లు తిరిగొచ్చిన రోజు మేడం సెలవులో ఉన్నారు. రిపోర్టు మీద నా పేరు చూసి, జబ్బు కనిపెట్టింది నేనేనని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారట. "నువ్వే పట్టినవట గద నాయినా" అంటూ నాయనమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. నేను కాదనలేదు. సంగతి తెలిసి మేడం నవ్వేశారు. "పేరుకేముంది తమ్మీ, పిల్ల పాలు మంచిగ తాగుతున్నదా?"

ఆమె ఇప్పుడు లేరు. ఆమె చేతికింద పని నేర్చుకున్నానన్నదే నాకున్న గొప్ప. మొన్న భూపాలపల్లి శిబిరంలో ఒక బాబు గుండెలో రంధ్రం కనబడింది. పొట్ట దగ్గర మళ్లీ మొదలుపెట్టి నాలుగు నాళాలూ వెతికాను. అన్నీ సరైన చోటే ఉన్నాయి.

"ఒకపారి చూస్తివి గద సారూ, మల్లెందుకు చూసినవ్?" తల్లి గాబరాగా అడిగింది.

"మా మేడం ఊకోదమ్మా" అన్నాను.