ఫైలు మూసే చోట ఇద్దరం

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగినప్పుడల్లా ఎవరో ఒకరు నా చేతిలో ఓ కరపత్రం పెడతారు. "మేడమ్, డెమో క్లాస్ ఫ్రీ. జర చూడుర్రి." కెర్నెల్ కోడ్ రాయడమే బతుకుతెరువుగా ఇన్నేళ్లు గడిపాను. అయినా నా మొహంలో ఏ కోర్సూ పూర్తిచేయని కళ ఏదో ఇంకా మిగిలున్నట్టుంది. కరపత్రం తీసుకుంటాను. వద్దనడం నాకు రాదు; అది నేర్పే ఇన్‌స్టిట్యూట్ అమీర్‌పేటలో కూడా లేదు.

కెర్నెల్ అంటే ఏమిటో మా అమ్మకు ఒకసారి చెప్పాను. కంప్యూటర్‌లో మనకు కనిపించే ప్రోగ్రాములన్నిటికీ అడుగున కనిపించకుండా పనిచేసే ప్రోగ్రాము. ఎవరికి ఏ ఫైలు కావాలన్నా అదే తెరిచి అందించాలి, పని అయ్యాక అదే మూయాలి.

"అంటే ఆఫీసులో అటెండరు లాంటిదా?" అంది అమ్మ.

"అలాంటిదే."

"దానికి ఇంత చదువెందుకే?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ అటెండరు పని నాకు నేర్పినవాడినే పెళ్లి చేసుకున్నాను. అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటరు పైన, దోసెల వాసన వచ్చే గదిలో ఆయన పాఠం చెప్పేవాడు. "పేరు తీసేసినంత మాత్రాన ఫైలు పోదు. ఎవడన్న దాన్ని తెరిచి పట్టుకొని ఉన్నడనుకో, గా ఆఖరు మనిషి ఇడ్సిపెట్టేదాక అది లోపల బతికే ఉంటది," అన్నాడు ఒకరోజు. క్లాసంతా తలలు వంచి రాసుకుంది. నేను మాత్రం తలెత్తి చూస్తూ ఉండిపోయాను. నా నోట్సులో ఆ పాఠం లేదు. అయినా నాకు కంఠతా వచ్చిన పాఠం అదొక్కటే.

మేం రాసే కెర్నెల్ ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడివాళ్లో ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని మెయిళ్లలో మార్పులు పంపుకుంటూ కలిసి రాస్తారు. ఒక్కో భాగానికి ఒక్కో పెద్దదిక్కు ఉంటారు. మా భాషలో మెయింటెయినర్. వాళ్లు చూసి సరేనంటేనే ఆ భాగంలో గడ్డిపోచైనా కదులుతుంది. డిస్కు మీద ఫైళ్లను భద్రపరిచే ఒక భాగానికి ఆయన మెయింటెయినర్. ఏ ప్రోగ్రాము ఏ ఫైలు తెరిచిందో లెక్క పెట్టుకునే పక్క భాగంలో నేను పనిచేసేదాన్ని. ఫైలు మూసే చోట ఆ రెండు భాగాలూ కలుస్తాయి. అక్కడ ఇద్దరం కలిసి ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, రాశాం. ఆయన కోడ్‌కు నా లోపలి గుట్లన్నీ తెలుసు, నా కోడ్‌కు ఆయనవి. సంసారం లాగే.

ఒకరు వాడుతుండగా ఇంకొకరు చెయ్యి పెట్టకుండా అక్కడ రెండు తాళాలు వేయాలి, ఆయన భాగానిదొకటి, నా భాగానిదొకటి. ఎప్పుడూ ఒకే వరుసలో వేయాలి. వరుస తప్పితే చెరొక తాళం పట్టుకుని, రెండోది ఎదుటివాళ్లు వదలాలని కాచుక్కూర్చుంటారు. యంత్రం బిగుసుకుపోతుంది. అందుకే ఆ వరుసేమిటో కోడ్ పక్కన రాసిపెట్టడం అందరూ పాటించే పద్ధతి. మేం రాయలేదు. పంజాగుట్టలో మా అద్దె ఇంట్లో, నేను ఉప్మా కలుపుతుంటే ఆయన ఉల్లిపాయలు కోస్తూ తేల్చేశాం.

"ముందు నీ తాళమా, నా తాళమా?"

"నీదే ముందు. మగపెళ్లివారు కదా."

"గదే రాసిపెట్టు మరి."

"ఎవరికోసం? అడిగితే చెప్పడానికి ఇద్దరం ఉన్నాంగా!"

తాళి సంగతి శుభలేఖలో అచ్చు వేయించాం గానీ, తాళం సంగతి ఎక్కడా రాయలేదు.

మేం విడిపోవడానికి చెప్పుకోదగ్గ కారణం లేదు. ఉంటే బాగుండేది, చుట్టాలకు చెప్పడానికైనా. ఏదో మాట పట్టింపు. ముందు నువ్వు మాట్లాడాలంటే ముందు నువ్వని ఇద్దరం కూర్చున్నాం. యంత్రమైతే రీస్టార్ట్ చేసేవాళ్లం. ఆయన ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయాడు. నేను అమీర్‌పేటలో ఒంటిగదికి మారాను. కోర్టు పని కూడా మర్యాదగానే ముగిసింది. ఆ తర్వాత ఫోన్లు లేవు.

చాలాకాలానికి, ఎక్కడో దూరదేశం నుంచి ఒకాయన అందరికీ కలిపి మెయిలు పెట్టాడు. ఫైలు మూసేటప్పుడు తన యంత్రం బిగుసుకుపోతోందట. ఇక్కడ తాళాల వరుస ఏమిటో ఎవరైనా చెప్పగలరా అని అడిగాడు. లోకం మొత్తంలో ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం. నేను జవాబిచ్చాను. అంతటితో ఊరుకోక, ఈ ముడి మొత్తం విప్పి రీఫ్యాక్టర్ చేస్తానని మాట కూడా ఇచ్చాను. ఆ ఉమ్మడి ఫంక్షన్ తీసేస్తే, ఇక ఎవరి తాళం వాళ్లది, ఎవరి గుట్టు వాళ్లది. రీఫ్యాక్టరింగ్ అంటే అంతే. లోపల ఎంత సర్దినా బయటివాళ్లకు తేడా తెలియకూడదు. మా విడాకుల విషయంలో అమ్మ కోరుకున్నదీ అదే.

ఇంత పెద్ద మార్పును ఒక్క ముద్దగా పంపకూడదు. చిన్న చిన్న ప్యాచ్‌లుగా విడదీసి, ఒక్కోటి ఒక్కో మెయిల్లో పంపాలి. మెయింటెయినర్ ఒక్కోటీ చదివి జవాబివ్వాలి. మొదటి ముక్క పంపాను. మర్నాడు ఆయన జవాబు వచ్చింది. ఇంగ్లీషులో, రెండు వాక్యాలు. బాగుంది, చేరుస్తాను. రెండో లైను చివర అనవసరంగా ఒక ఖాళీ వదిలావు, తీసెయ్యి. లైను చివర ఖాళీలు వదలడం నా పాత జబ్బు. ఇంట్లో ఉన్నప్పుడు దాని మీద రోజూ సణిగేవాడు.

ఆ రోజు అన్నం సహించింది.

ఇక నాకు దారి దొరికింది. ఒక ముక్కలో అయ్యేదాన్ని మూడు చేశాను. పేరు మార్చడం ఒకటి, చోటు మార్చడం ఒకటి, పక్కనున్న వ్యాఖ్యలో తప్పు దిద్దడం ఒకటి. లడ్డూ అంత మార్పును బూందీ చేసి గింజ గింజా పంపాను. ప్రతి గింజకూ ఒక జవాబు. ఆ మెయిళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. మా ఎడబాటంతా లోకం ముందు తెరిచే ఉంది. అయితే చదివినవాళ్లకు నిద్ర ముంచుకొస్తుంది. ఇంగ్లీషు చేసిన ఉపకారం ఇంకొకటుంది. క్లాసులో ఆయన్ని మీరు అన్నాను, పెళ్లయ్యాక నువ్వు అన్నాను, ఇప్పుడేమనాలో తెలియదు. 'యు' అంటే సరిపోయేది.

ఉమ్మడి ఫంక్షన్‌ను తీసేసే ఆఖరి ప్యాచ్ మాత్రం పంపలేదు. అది వెళ్తే ఇక మా ఇద్దరి కోడ్‌కూ మాటల్లేవు, మాకూ ఉండవు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఫోన్లోంచి ఆయన పేరు తీసేశాను గానీ అంకెలు నోటికి వచ్చు.

"సాయంత్రం పంజాగుట్టల కలుద్దామా? జర మాట్లాడాలె."

చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. గడ్డం కొంచెం నెరిసింది. బేరర్ రాగానే "భాయ్, వన్ బై టూ" అనేశాడు. ఒకే చాయ్ రెండు కప్పుల్లో. పెళ్లికి ముందు నుంచీ మా అలవాటు అదే. అన్నాక గతుక్కుమన్నాడు.

"రెండు ఫుల్ చెప్పాల్నా?"

"పర్లేదు, ఉండనివ్వండి."

"ఎట్లున్నవ్?"

"బాగానే ఉన్నాను. మీరు?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "నా ఎనక ఎవరన్న పెద్దమనిషి కూసున్నడా?"

నవ్వబోయాను. రాలేదు. కప్పులు వచ్చాయి.

"నిన్న ఒకటి పంపినవ్," అన్నాడు. "ఏమున్నది అందుల? ఒక్క కామా జరిపినవ్."

"చిన్నవిగా పంపితే చదవడం తేలికని క్లాసులో చెప్పిందెవరో?"

"చిన్నగ అన్న. భూతద్దం వెట్టుకొని చూసేటంత చిన్నగ అన్ననా?" కాసేపు కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఆఖరుది ఎప్పుడు పంపుతవ్?"

"ఇంకా సిద్ధం కాలేదు."

"అయింది. నువ్వు ఎప్పుడైన ఆఖరుది ముందు రాస్తవ్, తర్వాత ఎనకకొస్తవ్. నాకు తెల్వదా?"

బయట ఎవరో హారన్ మీద చెయ్యి తియ్యకుండా వెళ్తున్నారు.

"నేను గా మెయింటెయినర్ పని వేరేటోళ్లకు అప్పజెప్తున్న," అన్నాడు.

"ఎందుకు? అది నువ్వు పెంచిన కోడ్ కదా!" 'మీరు' ఎటు పోయిందో, 'నువ్వు' వచ్చేసింది.

"నీ మెయిల్ రాంగనే తెరుస్త. రెండు నిమిషాల పని. గని ఆ రోజంత ఇంక దేని మీద మనసు పోదు. గిట్ల ఎన్నాళ్లు?" తలెత్తాడు. "ఇడ్సిపెట్టు ఇగ. నన్ను సుత ఇడ్వనియ్యి."

నేను ఒక్కదాన్నే పట్టుకుని ఉన్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

"పంపుతాను. దాన్ని ఆ వచ్చేవాళ్లెవరో చూస్తారా?"

"లేదు. అది నేనే చూస్త. గది చూసినంకనే పోత."

చెరి సగం చాయ్ తాగి లేచాం. ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట. మెట్రోలో వరుస స్టేషన్లు. ఆయన ఒకవైపు ప్లాట్‌ఫాం ఎక్కాడు, నేను ఎదుటి వైపుది ఎక్కాను. ముందు ఆయన రైలే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే, మిగిలిన గింజలన్నీ ఏరి ఒకే లడ్డూ చుట్టి, వెనకే ఆఖరిదీ పంపాను. అందులో ఒక లైను చివర ఖాళీ వదిలాను. ఈసారి జబ్బు కాదు, కావాలనే. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. రాసినవారంటూ నా పేరు, దాని కింద చూసి సరేనన్నవారంటూ ఆయన పేరు. శుభలేఖలో పక్కపక్కన ఉండేవాళ్లం, ఇక్కడ ఒకరి కింద ఒకరం. ఖాళీ గురించి ఒక్క మాటా లేదు. చూడలేదేమో అనుకున్నాను. తర్వాత, ఆయన చేర్చిన కోడ్ తెరిచి చూస్తే, ఆ ఖాళీ అక్కడ లేదు. తనే తీసేశాడు.

కొత్త కెర్నెల్‌తో నా యంత్రాన్ని నడిపి చూశాను. ఒక ఫైలు తెరిచాను, మూశాను. మళ్లీ తెరిచాను, మూశాను. ఏ తేడా లేదు. మేం ఎప్పుడూ అక్కడ లేనట్టే నడుస్తోంది. పని బాగా చేశానన్నమాట.

వారంలోనే దూరదేశపాయన మెయిలు పెట్టాడు. ఇప్పుడు యంత్రం ఆగడం లేదట, ధన్యవాదాలు చెప్పాడు. చివర్లో, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, అసలు ఆ రెండు భాగాలూ మొదట్లో అంతగా ఎందుకు పెనవేసుకున్నాయి అని అడిగాడు.

జవాబు రాయడానికి కూర్చున్నాను. ఉప్మా గురించీ ఉల్లిపాయల గురించీ చాలా రాశాను. ఆయన కళ్లలో నీళ్లు ఉల్లిపాయల వల్లేనని కూడా రాశాను. తర్వాత అంతా చెరిపేశాను. కోడ్‌లో ఎందుకుందో ఎవరూ చెప్పలేని దానికీ, చెప్పడం ఇష్టంలేని దానికీ మావాళ్లందరూ వాడే మాట ఒకటుంది. అదే రాసి పంపాను.

చారిత్రక కారణాలు.

దూరదేశపాయన మర్యాదస్తుడు. అర్థమైంది అన్నాడు.