అత్త వంక పెట్టని తొక్కు

మా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలం కాదు, నవ్వకండి... కరోనా వచ్చిన ఏడు. సూరత్‌లో, నవాగామ్‌లో ఒకటే గది మాది. నేను ఏడో తరగతి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అమ్మ తొక్కు జాడీలో అన్నం వేసి, అడుగున మిగిలిన నూనెతో కలిపి, నాకూ బాపుకూ చెరో ముద్ద పెట్టింది. "ఇగ అయిపోయింది" అంది. 

తొక్కంటే మామిడికాయ పచ్చడి. ప్రతి వేసవిలో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చేది. పెట్టేది మా మేనత్త. తల్లి లేని బాపును బీడీలు చుట్టి పెంచింది ఆమే. అమ్మ ఏం వండినా అత్త తినేది, తిని వంక పెట్టేది. ఉప్పు జర తక్కువైంది, పోపు జర మాడింది... పెళ్లయి పద్నాలుగేళ్లయినా అమ్మ ఒక్కసారి కూడా ఆమెతో "మంచిగున్నది" అనిపించుకోలేదు. పైకి "ఆమె నోరే అంత" అనేది కానీ, లోపల గుచ్చుకునేది.

మా అత్తకు సూరత్ అంటే పరదేశం. "ఆ పరదేశంల ఏం తింటున్నరో" అనేది ఫోన్లో. తప్పు కూడా కాదు. అమ్మ అదే చేత్తో చేసినా పప్పుచారు ఊళ్లోలా ఉండేది కాదు. అమ్మ నీళ్లను తిట్టేది. ఇక్కడ కందిపప్పుకు నూనె రాసి అమ్ముతారని బాపు పప్పును తిట్టేవాడు. పక్కన ఆ తొక్కు ఉంటేనే మా ఇంట్లో అన్నం దిగేది.

ఆ ఏడు రైళ్లు లేవు. బాపు పనిచేసే మగ్గాల కార్ఖానా బందు. ఇక అమ్మే తొక్కు పెట్టడానికి దిగింది. అత్త ఫోన్లో కొలతలు చెప్పింది... "రెండు గిలాసల కారం, గిలాసెడు ఆవపిండి, గిలాసెడు ఉప్పు. మర్చిపోకు."

అత్త మనసులో ఉన్నది దొడ్డుప్పు. అమ్మ దగ్గరున్నది ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు. గిలాసంటే గిలాసే కదా అని నిండుగా పోసింది. మూడో రోజు చూస్తే నోట్లో పెట్టలేకపోయాం.

అమ్మ గోడకానుకుని కూర్చుండిపోయింది. మేడమీద ఉండే ఇంటావిడ మంజుబెన్ మెట్ల మీద నుంచే సంగతి విని, "థోడో గోళ్ నాఖ్, పుష్పా" అంది. కాస్త బెల్లం వెయ్యమని. వాళ్లు పప్పులో కూడా బెల్లం వేస్తారు, దేనికైనా అదే మందు. వేరే దారి లేక అమ్మ పిడికెడు బెల్లం తరిగి కలిపింది. ఉప్పు తగ్గింది కానీ తొక్కు నల్లగా, తియ్యగా తయారైంది...

"ఎట్లున్నది తొక్కు?" అని అత్త ఫోన్ చేసి అడిగింది.

"అచ్చం నీ తొక్కు లెక్కనే ఉన్నది వదినె" అంది అమ్మ. బాపు కంచంలోంచి తలెత్తలేదు.

ఏడాదంతా అదే తిన్నాం, అయినా జాడీ అడుగున ఇంకా మిగిలింది. నాకైతే నచ్చింది.

తర్వాతి ఏడు అత్తకు కరోనా వచ్చింది. ఎలాగో గట్టెక్కింది. వానలు పడ్డాక మేం ఊరికి బయల్దేరుతుంటే, "నాకు చేతకాక ఈయేడు తొక్కు పెట్టలే. నీది జరంత తే పుష్పా" అని అడిగింది. అమ్మ రైల్లో దారి పొడవునా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఒక్క ముద్ద తింటే చాలు, నా బతుకు బజార్ల పడ్తది" అంది నాతో.

అత్త బాగా చిక్కిపోయింది. వేడి అన్నంలో తొక్కు కలుపుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. అత్త అన్నమంతా తిని, వేళ్లు కూడా నాకింది.

"మంచిగున్నది పుష్పా" అంది.

వంక ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చూశాం. రాలేదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. పాట పాడుకుంటూ గిన్నెలు తోమింది.

సాయంత్రం అత్త చారు పెట్టింది. అందులో రవ్వంత ఉప్పు లేదు. బాపు నావైపు చూశాడు. అత్త మెల్లగా అడిగింది... "ఉప్పు సరిపోయిందారా తమ్మీ? జరమొచ్చిన కాన్నుంచి నాకేం తెలుస్తలేదు. ఏం తిన్నా మన్ను తిన్నట్టే ఉంటున్నది."

అమ్మ లేచి పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చానని తర్వాత నాకు చెప్పింది. ఆమె అంత బాధలో ఉంటే నేను సంబరపడ్డానే అని.

మిగిలిన తొక్కు అత్త దగ్గరే వదిలి వచ్చాం. సూరత్ నుంచి అమ్మ వారం వారం ఫోన్ చేసేది. "తొక్కు ఎట్లున్నది వదినె?" "మంచిగున్నది." ఫోన్ పెట్టేశాక అమ్మ ముఖం వాడిపోయేది. బాగుందంటే దిగులుపడే మనిషిని నేను మా అమ్మనే చూశాను.

దీపావళి ముందు ఒక పొద్దున అత్తే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాల్సిన పని కూడా లేకపోయింది, అంత గట్టిగా అరిచింది.

"ఏందే పుష్పా ఇది? తొక్కుల బెల్లం ఏసినవా? ఇది తొక్కా, పాయసమా? నా తమ్మునికి ఏడాది పొడుగూత ఇదే పెట్టినవా?"

"అవ్ వదినె, ఏసిన... ఇంకా తిట్టు" అంటూ అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడుస్తూ బాపును కేకేసింది. "ఇగో, ఇనుండ్రి! వదినెకు తియ్యగ తెలుస్తున్నదట!"

ఇప్పుడు ప్రతి వేసవీ మళ్లీ అత్త తొక్కే వస్తోంది, పుల్లగా, ఘాటుగా. అమ్మ మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. నాకేమో ఆ నల్లటి, తియ్యటి తొక్కే గుర్తొస్తుంది... అలా చెడిపోయి కూడా నాలుక మీద ఉండిపోయిన వంట మీ ఇంట్లో ఏదైనా ఉంటే కింద రాయండి, చదువుతాను. నేనైతే అత్త తొక్కు పక్కన చిన్న బెల్లంముక్క పెట్టుకుని తింటాను. అత్త చూస్తే తిడుతుంది.

తిట్టనీ...