చింతగింజలతో పోకర్

ఆదివారం అన్నాలు అవగానే, మా ఆయన చొక్కా వేసుకోకముందే చాప పరిచాను. కంచన్‌బాగ్‌లో డ్యూటీ లేని రోజు ఆయన ఫలక్‌నుమాలో దోస్తు రూముకు పోయి పైసలు పెట్టి పోకర్ ఆడతాడు. నా మెడ గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. అడిగితే లొల్లి, ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు.

"ఇయ్యాల నాతోని ఆడు. నేను గెలిస్తే ఇగ గా రూముకు పోవద్దు" అన్నాను.

"నీకు ఆట వస్తదా?" అని నవ్వాడు.

"దీపావళికి మా అమ్మగారింట్ల తీన్‌పత్తీ ఆడినదాన్నే. జర నేర్పు, చాలు."

బేగంబజార్ నుంచి తెచ్చిన చింతపండు కొట్టి తీసిన గింజలు డబ్బాలో ఉన్నాయి. కొన్ని తీసి చెరిసగం పంచుకున్నాం. చేతికి రెండేసి పేక ముక్కలు, చాప మీద ఇద్దరికీ కలిపి అయిదు. అన్నిట్లో మేలైన అయిదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. ఎదుటివాళ్లు పెట్టినంత పెడితే కాల్, పెంచితే రేజ్, భయమేస్తే ముక్కలు పడేసి ఫోల్డ్. నాకు మొదట్నుంచీ భయమే. కానీ ఫోల్డ్ అంటే ఆయన లేచిపోతాడేమోనని ప్రతిసారీ గింజలు ముందుకు తోస్తూనే ఉన్నాను.

"గట్ల ప్రతిదానికి పెట్టొద్దు" అన్నాడాయన విసుగ్గా.

ఆ ఆటలో చాప మీద చివరి ముక్క ఏడు పడింది. అక్కడే పది, జాకీ ఉన్నాయి. నా చేతిలో ఎనిమిది, తొమ్మిది. ఏడు నుంచి జాకీ దాకా వరుస కుదిరింది. గింజలన్నీ తోసేశాను. ఆయనా తోశాడు. ముక్కలు తిప్పితే ఆయనవి రెండూ ఆటీన్లు, చాప మీద మూడు ఆటీన్లు, అయిదూ ఒకే గుర్తు.

"నీది ఉత్త కలరే! నాది సీక్వెన్స్, నేనే గెలిచిన" అని గింజలు ఒళ్లోకి లాక్కున్నాను. ఇక మా ఆదివారాలు మావేననుకున్నాను.

ఆయన నవ్వలేదు. "తీన్‌పత్తీల సీక్వెన్స్ పెద్దది. పోకర్ల కలర్ పెద్దది. మొదటి రోజు నేను గూడ గిట్లనే అనుకొని ఉన్న పైసలన్ని పెట్టి పోగొట్టుకున్న. గవి తిరిగి తెచ్చుకుందామనే పోతున్న."

ఆయన లేవబోతుంటే పరుగున పోయి డబ్బాలో మిగిలిన గింజలన్నీ చాప మీద కుమ్మరించాను.

"ఇంకొక్క ఆట. ఈసారి తెలిసింది గదా, నేనే గెలుస్త. పంచు."

ఆయన ముక్కలు ముట్టలేదు. నా మొహంలోకే చూస్తూ, "ఆడ కూసొని నేను గిదే మాట అంటున్న" అన్నాడు.

ఆ రోజు ఆయన పోలేదు. నాకు మాత్రం ఇంకొక్క ఆట ఆడాలనే ఉంది. దానికే భయమేసింది.